"బోర్డు పోయింది" అంటే నమ్మొద్దు, ముందు మీటరు పెట్టమనండి

చానా రోజులైంది ఇట్ల పొడుగ్గా రాసి. ఈరోజు కోపంగా రాస్తున్నా, మాట ఎక్కడన్నా గట్టిగా పడితే ఏమనుకోవద్దు.

సోలార్ పంపు ఉన్న రైతు ఎవరినైనా అడగండి. ఒక మాట మాత్రం తప్పకుండా విని ఉంటాడు. "బోర్డు పోయింది సార్." మోటరు తిరగకపోతే బోర్డు పోయింది. నీళ్లు తక్కువొస్తే బోర్డు పోయింది. డిస్‌ప్లే మీద ఏదో ఇంగ్లీషు అక్షరం వస్తే బోర్డు పోయింది. ఆ మాట అనేదానికి వాళ్లకు నోరు తప్ప ఏమీ ఖర్చు కాదు. మనకు మాత్రం పెట్టె పోతుంది, పదిహేను ఇరవై రోజులు పోతాయి, పైరు పోతుంది, చివరికి బిల్లు వస్తుంది. నేను చెప్పేది ఒకటే. ఎక్కువసార్లు పోయింది పెట్టె లోపల కాదు, పెట్టె బయట. ఆ బయటి సంగతి చూడకుండా పెట్టె ఊడదీసుకుని పోయేవాడిని చేనులో అడుగు పెట్టనీయకూడదు.

మాది అనంతపురం వైపు. రెండెకరాల చీనీ తోట, 220 చెట్లు. 5 హెచ్‌పీ సోలార్ మోటరు. ఏప్రిల్ రెండో వారం, పిందె నిమ్మకాయంత ఉంది. పొద్దున పోయి చూస్తే మోటరు లేదు, డిస్‌ప్లే నల్లగా ఉంది. ఫోన్ చేసినా. ఆరో రోజు వచ్చినాడు పిల్లోడు. వాణ్ని ఏమనను, వాడికీ నెల జీతమే. బటన్ రెండుసార్లు నొక్కినాడు, ఫొటో తీసినాడు, "బోర్డు పోయింది సార్, పిడుగు దెబ్బ, వారంటీలో రాదు" అన్నాడు. ఆ నెలలో మా వైపు ఉరుము కూడా లేదు. స్పానర్ తీసినాడు, పెట్టె విప్పినాడు, బైక్ వెనక కట్టుకుని పోయినాడు. ఒక చీటీ లేదు, సంతకం లేదు. సప్లయర్ పేరు ఈడ రాయను. పేరు రాస్తే గొడవ వాడొక్కడిదే అనుకుంటారు. అందరిదీ అదే దారి.

ఆ తర్వాత ట్యాంకర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ పోస్తే చెట్టుకు 22 లీటర్లు, అంటే బిందెన్నర. ఏప్రిల్ ఎండలో కాపు మీదున్న చీనీ చెట్టుకు బిందెన్నర నీళ్లు ఏ మూలకు? చెట్టు చావలేదు, పిందె రాలింది. రోజూ పొద్దున చెట్ల కింద పచ్చగా పరిచినట్టు ఉండేది. మా ఆడమనిషి చూడలేక తోటకు రావడం మానుకుంది.

పన్నెండో రోజు మా ఊరి మామ వచ్చినాడు. కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనాడు. పెట్టె ఉన్న స్తంభం దగ్గర నిలబడి, వేలాడుతున్న రెండు వైర్లు చూసి, "అల్లుడూ, ఈటి కొనలకు ఈ టేపు ఎవరు చుట్టినారు?" అని అడిగినాడు. పెట్టె తీసుకపోయిన పిల్లోడే చుట్టినాడు, నల్ల టేపు, రెండు చుట్లు. ఆన్-ఆఫ్ చేసే ఐసోలేటర్ ఆ పెట్టెలోనే ఉంది, పెట్టెతోపాటు అదీ పోయింది. అంటే ఎండ ఉన్నంతసేపూ ఆ రెండు కొనల మధ్య 15 ప్యానెళ్ల వోల్టేజీ నిలబడి ఉండాల. ఒక్కో ప్యానెల్ లోడు లేనప్పుడు సుమారు 45 వోల్టులు. పదిహేను వరుసగా కలిపితే 675. మీ ఇంట్లో కరెంటు 230. ఇది డీసీ, ముట్టుకుంటే ప్రాణం తీయగలదు.

ఆ స్తంభానికే మా పిల్లోడు రోజూ దూడను కట్టేస్తాడు.

మామ చేతికి గ్లౌజు తొడిగి, మీటరు పెట్టి చూసినాడు. సున్నా. మిట్టమధ్యాహ్నం, సున్నా. "పెట్టె పోయిందన్నారు గదా, పెట్టె ఈడ లేదు గదా, మరి ప్యానెల్ నుంచి వచ్చే వైర్లో కరెంటు ఎందుకు లేదు?" అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. పిల్లోడికి అన్నం పెట్టకుండా, లేచి నిలబడలేదని ఆస్పత్రికి ఎత్తుకుపోయినట్టుంది. ఆ పెట్టెకు అసలు తిండే పోలేదు. వచ్చినోడు మీటరు పెట్టి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేది. వాడి సంచిలో మీటరే లేదు.

ప్యానెళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసలో ఉంటాయి, వినాయక చవితి పందిరికి కట్టే సీరియల్ బల్బుల మాదిరి. ఒక్కటి తెగితే మొత్తం ఆరిపోతుంది. మామ మధ్యలో ఒక కనెక్టర్ విప్పి, ఏడు ఒక పక్క, ఎనిమిది ఒక పక్క చేసి చూసినాడు. ఒక పక్క 310 చిల్లర, ఇంకో పక్క సున్నా. సున్నా పక్కను మళ్లీ రెండు చేసినాడు. నాలుగోసారికి దొరికింది. 11, 12 ప్యానెళ్ల మధ్య కనెక్టర్ లోపల కాలి, ప్లాస్టిక్ కరిగి గడ్డకట్టింది. బిగించినోళ్లు క్రింపింగ్ టూల్ తేకుండా కటింగ్ ప్లయర్‌తో నొక్కిపోయినారు. లూజుగా ఉన్నచోట రోజూ మధ్యాహ్నం ఏడెనిమిది ఆంపియర్లు పోతే వేడెక్కక ఏం చేస్తుంది? కొత్త కనెక్టర్ జత 120 రూపాయలు. చీకటి పడినాక మార్చినాడు. మర్నాడు పొద్దున తొమ్మిదికి 680 వోల్టులు. ఇప్పుడు ఆ కొనలు నిజంగా ప్రాణం తీసే కొనలు, అందుకని వేరువేరుగా మూతలు పెట్టి, పీవీసీ పైపులో దూర్చి, మనిషికి అందనంత ఎత్తులో కట్టినాడు. దూడను వేరే చోట కట్టినాం.

రాత్రి నిద్ర పట్టలేదు నాకు. పన్నెండు రోజులు ఆ కనెక్టర్ కాలిపోయి ఉండబట్టి గదా మా పిల్లోడు ఉన్నాడు. అది బాగుండి, పెట్టెలోనే ఏదన్నా పోయి ఉంటే, ఆ రెండు చుట్ల టేపు మీదికి పిల్లోడి చెయ్యి ఏ రోజు పోయేదో.

పదిహేడో రోజు పెట్టె వచ్చింది. "రిపేరైంది సార్, 14,500." ఏం మార్చినారయ్యా అంటే జవాబు లేదు. పాత బోర్డు చూపించమంటే కంపెనీలో ఉందంట. ఒక్కటి ఆలోచించండి. మేము కనెక్టర్ మార్చకుండా ఉండింటే ఆ బాగుచేసిన పెట్టె కూడా లేచేది కాదు. అప్పుడు ఇంకో బోర్డు పోయేది, ఇంకో పదిహేను రోజులు పోయేవి.

ఆ తర్వాత మామా నేనూ చుట్టుపక్కల ఊర్లలో "బోర్డు పోయిన" పెట్టెలు ఏడు చూసినాం. నిజంగా బోర్డు పోయింది ఒక్కటి. అది పిడుగుకే పోయింది. ఎర్త్ వైరు రాగిది, దొంగలు కోసుకపోయినారు, రైతు పట్టించుకోలేదు. మిగతా ఆరు బయటి జబ్బులే. అవి ఏమేమో చెప్తా, ఎందుకంటే పెట్టె ఏం చెప్తుందో మనకు తెలిస్తే వచ్చినోడు నోటికొచ్చింది చెప్పలేడు.

ఆ పెట్టె మంత్రం ఏమీ కాదు. ప్యానెల్ డీసీని త్రీఫేజ్ ఏసీగా మార్చే ఇన్వర్టరే. ఎండ ఎంత ఉంటే మోటరును అంత జోరుగా తిప్పుతుంది. ఆ జోరే డిస్‌ప్లేలో హెర్ట్జ్ అని పడుతుంది. పూర్తి జోరు 50. అన్నీ వదిలేసి ఆ ఒక్క అంకె చూడటం నేర్చుకోండి. మా బోరుకు 38 దాటితేగానీ పైపులోకి నీళ్లు రావు. మోటరు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు సగం పైపులో నిలబడి ఉంటాయి. మీ బోరు లోతును బట్టి మీ అంకె వేరే ఉంటుంది. బాగున్న రోజే రాసి పెట్టుకోండి, పొద్దున ఎన్ని గంటలకు ఎంత, మధ్యాహ్నం ఎంత అని. మధ్యాహ్నం ఎండలో 36 దగ్గరే ఆగిపోతుంటే జబ్బు ప్యానెల్ వైపు ఉన్నట్టు. దుమ్మో, పక్షి రెట్టో, నీడో, లూజు కనెక్షనో. అంకె 48, 50 చూపిస్తూ నీళ్లు రాకపోతే జబ్బు బోరు వైపు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం మోసం ఆగిపోతుంది.

మా పక్క ఊరి రైతు ఒకాయనది ఇట్లనే. అంకె 50, నీళ్లు మూడో వంతు. "పంపు అరిగింది" అన్నారు. మోటరు బయటికి తీయించినాడు, కూలి కట్టినాడు, పంపు బాగానే ఉంది, మళ్లీ దించినాడు, అదే ధార. అసలు జరిగిందేమంటే, అంతకు వారం ముందు కేబుల్ జాయింట్ వేసినప్పుడు మూడు వైర్లలో రెండు అటుదిటు అయినాయి. మోటరు వెనక్కి తిరుగుతోంది. వెనక్కి తిరిగినా కొంచెం నీళ్లొస్తాయి, అదే మోసం. పంపు ఆపి, ఐసోలేటర్ తీసి, ఆగి, ఏవైనా రెండు వైర్లు మార్చి బిగిస్తే సరిపోయింది. పైసా ఖర్చు లేదు.

ఇంక డ్రై రన్. దీని గురించి మాత్రం గట్టిగా చెప్తా. బోరులో నీళ్లు దిగిపోతే మోటరు మీద బరువు తగ్గుతుంది, పెట్టె అది కనిపెట్టి ఆపేస్తుంది, కొంతసేపటికి తనే మళ్లీ వేస్తుంది. అది జబ్బు కాదప్పా, కాపలా. మే నెలలో మా వైపు ఏ బోరుకైనా అదే గతి. మనమేం చేస్తాం? "మాటిమాటికి ఆగుతోంది" అని ఫోన్ చేస్తాం. వచ్చినోడు సెట్టింగులోకి పోయి ఆ కాపలా తీసేస్తాడు. ఆ రోజు మోటరు ఆగదు, మనం వాడికి టీ పోయించి పంపిస్తాం. నెల తిరక్కుండా మోటరు కాలుతుంది. నీళ్లు లేకుండా తిరిగితే సబ్‌మెర్సిబుల్ మోటరుకు చల్లదనమేది? నేను చూసిన ఏడింటిలో రెండు ఇవే. ఆగిపోవడం మీద కోపముంటే బోరు మీద కోపపడాల. సెట్టింగు ముట్టుకునేవాడిని మాత్రం అడగండి, ఏ సెట్టింగు, ముందెంత ఉంది, ఇప్పుడెంత పెట్టినావు అని. నోట్‌బుక్కులో రాయించుకోండి.

వేడి ఎక్కువైందని ఆగేవి కూడా అంతే. ఒక పెట్టెను పడమటి ఎండ తగిలేలాగ బిగించినారు. మధ్యాహ్నం రెండు కాగానే ఆగేది, నాలుగున్నరకు లేచేది. ప్యానెల్ కింద నీడకు మార్చినాం, అయిపోయింది. ఇంకోదాని ఫ్యాన్ జాలీలో కందిరీగ మట్టిగూడు. కింద వైర్లు దూరే రంధ్రం మూయకపోతే బల్లులు, చీమలు అన్నీ లోపలే కాపురం.

మోటరు వైపు షార్ట్ అనో, ఓవర్ కరెంట్ అనో కోడ్ వస్తే (అక్షరాలు కంపెనీని బట్టి మారతాయి, పుస్తకం అడిగి తీసుకోండి) పెట్టె నుంచి మోటరు మూడు వైర్లు విప్పి, రెండ్రెండు చొప్పున మీటరు పెట్టి చూడాల. మూడు జతలకూ ఓమ్స్ సమానంగా రావాల. తేడా వస్తే కేబులో, జాయింటో, మోటరో. పెట్టెకు సంబంధం లేదు. మెగ్గర్ పెట్టేవాళ్లుంటే ఒక జాగ్రత్త, వైర్లు పెట్టె నుంచి విప్పకుండా మెగ్గర్ తిప్పితే బాగున్న పెట్టెను మనమే చంపుకున్నట్టు. అట్ల చంపి, మళ్లీ "బోర్డు పోయింది" అన్నోళ్లూ ఉన్నారు.

ఇప్పుడు మనల్ని మనం కూడా నాలుగు అనుకోవాల. వాళ్లనొక్కళ్లనే తిడితే ఎట్ల. ప్యానెళ్ల మీద బొంతలు ఆరేసేది ఎవరు? వరుసలో ఒక ప్యానెల్ మీద నీడ పడితే మొత్తం ధార తగ్గుతుందని తెలిసి కూడా పక్కన మునగచెట్టు పెంచేది ఎవరు? మధ్యాహ్నం సలసల కాగే అద్దం మీద చల్లటి బోరు నీళ్లు కొట్టి పగలగొట్టేది ఎవరు? కడగాలంటే పొద్దున్నే కడగండి, తర్వాత గుడ్డతో తుడవండి, మన ఉప్పునీళ్లు ఆరితే తెల్లటి పొర కడుతుంది, అది దుమ్ము కంటే మొండిది. రెండు ప్యానెళ్ల మధ్య వైరు కోసి షెడ్డుకు లైటు లాగినోడు కూడా మా ఏడుగురిలో ఉన్నాడు. వాడి పేరు రాయను, మా బంధువే.

"కరెంటు పని రైతుకెందుకు, చస్తావు" అని నాతో ఒకాయన అన్నాడు. సప్లయర్ తరఫు మనిషే. నేనేమన్నానంటే, అయ్యా, అర్ధరాత్రి కరెంటు ఇచ్చిన రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు మేమే వేసుకున్నాం, వేస్తూ చచ్చినోళ్లు ప్రతి మండలంలో ఉన్నారు, అప్పుడు ఎవరూ వచ్చి వద్దనలేదు. ఇప్పుడు ఒక అంకె చదవడం నేర్చుకుంటామంటే ప్రాణభయం గుర్తొచ్చిందా? అయినా ఆయన మాటలో నిజం లేదని అనను. పెట్టె తెరవొద్దు. ఎండ పోయినా, స్విచ్ తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు కొన్ని నిమిషాలు ఉంటుంది, మోటరు వైర్లు విప్పేవాడు కూడా పది నిమిషాలు ఆగి విప్పాల. మోటరు తిరిగేటప్పుడు ప్యానెల్ కనెక్టర్ పీకొద్దు, డీసీ మంట లేస్తే ఆరదు. తెల్లారుజామునే గదా అని ధైర్యం చేయొద్దు, కొంచెం వెలుతురు చాలు వోల్టేజీ నిలబడేదానికి. మామలాగా తెలిసినోడు, 1,000 వోల్టుల డీసీ తట్టుకునే మీటరు, గ్లౌజులు, ఈ మూడూ లేకుండా వైర్ల జోలికి పోవద్దు. సంతలో కొన్న పసుపు మీటరుతో అసలే వద్దు. అంకె చూడటానికి, ఫొటో తీయడానికి, ప్రశ్న అడగడానికి మాత్రం ఏ గ్లౌజూ అక్కర్లేదు.

వారంటీ పోతుందని బెదిరిస్తారు. నేను చెప్పినవన్నీ సీలు ముట్టుకోకుండా చూసేవే. పైగా వారంటీ మాట మనమే ఎత్తాల. 2019లో వచ్చిన కుసుమ్ పథకం కింద పంపు తీసుకున్నోళ్లు కాగితాలు తీసి చూడండి. కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, మిగతాది మన వాటా. ఐదేళ్లు నిర్వహణ సప్లయర్‌దే, ప్రకృతి వైపరీత్యాలకు, దొంగతనానికి బీమా కూడా అందులోనే. పిడుగు అన్నావా, సరే, బీమా కింద రాయి. పిడుగు కాదన్నావా, వారంటీ కింద రాయి. నా జేబులో చెయ్యి పెట్టేదానికి మధ్యలో సందేది?

ఇంకోటి. ఆ పంపులకు సిమ్ముతో పనిచేసే మానిటరింగ్ పెట్టమని నిబంధన. పంపు ఎంతసేపు తిరిగింది, ఎప్పుడు ఆగింది అని సర్వర్‌కు పోవాల. మరి ఫోన్ చేస్తే "ఎప్పటి నుంచి ఆగింది సార్?" అని మనల్ని అడుగుతారేం?

కాబట్టి పెట్టె తీసుకపోయేదానికి వస్తే నాలుగు పనులు చేయించుకోండి. కోడ్ కనిపిస్తే ఫొటో. ప్యానెల్ వైరు మీద వోల్టేజీ ఎంత, మోటరు మూడు జతల ఓమ్స్ ఎంత, ఇవి మన ముందర కొలిచి, పెట్టె నంబరుతో సహా చీటీ మీద రాసి సంతకం. తీసుకపోతే వైర్ల కొనలకు సరైన మూతలు, టేపు కాదు. మార్చిన పాత బోర్డు వెనక్కి తెచ్చి చూపించడం. ఒప్పుకోకపోతే పెట్టె కదలనీయొద్దు, పంపు మంజూరు చేసిన ఆఫీసుకు రాతలో ఫిర్యాదు ఇచ్చి, ఇంకో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఫోన్లో చెప్పింది చెప్పినట్టు కాదు.

నా 14,500 నేను కట్టలేదు. ఆ నల్ల టేపు చుట్టిన వైర్ల ఫొటో, కాలిన కనెక్టర్, 120 రూపాయల బిల్లు మూడూ కలిపి సోమవారం ఫిర్యాదు ఇచ్చి ముద్ర వేయించుకుని వచ్చినా. జవాబు ఏమొచ్చినా, రాకపోయినా, ఈడే రాస్తా. మా చుట్టుపక్కల ఊర్లలో ఎవరి పెట్టెకైనా "బోర్డు పోయింది" అని ఉంటే ఊడదీయక ముందే కబురు పెట్టండి. మామ మీటరు తీసుకుని వస్తానన్నాడు, బండికి పెట్రోలు పోయిస్తే చాలంట, మజ్జిగ మాత్రం చల్లగా ఉండాలంట.